పాములాట పీకేసిన పాపం

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినవాడి గురించి మీరు వినే ఉంటారు. నేను పాముందని పెట్టాను. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. చివరిదాకా నవ్వగలిగితే మీది గట్టి గుండె.

తొంభైల చివర్లో మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ని. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. ఆపరేటింగ్ సిస్టంతోపాటే కొన్ని పాత ఆటలు వచ్చేవి. ‘వార్మ్’ అని కొడితే చాలు, అక్షరాల పాము ఒకటి తెరమీద పాకేది. కుప్పంలో వారం రోజుల ట్రైనింగ్ అయి వచ్చిన నాకు అప్పుడే కొమ్ములు మొలిచాయి.

“మేడం, సిస్టం ఉండేది పనికి. ఆటలు యాల? పీకేస్తా,” అన్నాను, సెంటర్ నడిపే సరోజమ్మతో.

“అవి ఉంటే నీకేమప్పా నొప్పి? డిస్కులో అవి నువ్వుగింజంత సోటు గూడా తినవు గదా!”

“డిసిప్లిన్ మేడం!”

ఆ మాటకు ఆమె దడుచుకుంది. ఆటలన్నీ పీకేశాను. పీకేసిన సంగతి ఎవరికైనా చెప్పానా? చెబితే ఈ కథ ఎందుకుంటుంది!

మధ్యాహ్నం కరీం సార్ వచ్చారు. ఊళ్లో సగం మందికి టైపు నేర్పిన మనిషి, నాకూ గురువే. కీబోర్డు వంక చూస్తే స్కేలుతో వేళ్లమీద ఒక్కటిచ్చేవారు. “మిషన్ తప్పు చెయ్యదురా, మనిషి యేలే చేస్తాది” అన్నది ఆయన మంత్రం. పక్షవాతంతో కుడిచెయ్యి దెబ్బతిన్నాక రోజూ వచ్చి ఆ పాముని ఆడించేవారు. ముసలాయనకు కాలక్షేపం అనుకున్నాను.

ఆయన ‘వార్మ్’ అని కొట్టారు. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంది తెర. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొట్టారు. మళ్లీ అదే.

“ఏమైంది సార్?” క్లాసు మధ్యలోంచే అరిచాను.

“ఏం లేదు బేటా. యేలు తప్పు పడతాండాది.”

“నిదానంగా కొట్టండి సార్!” అని సలహా కూడా పారేశాను, మహానుభావుణ్ని.

సాయంత్రందాకా కొట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని లేచి వెళ్లిపోయారు. ఇక రాలేదు.

కొన్ని నెలలకు సరోజమ్మ చెప్పింది. “కరీం సార్ పుంగనూర్లో కూతురింట్లో ఉండాడంట. యేళ్లు ఆడిస్తా ఉండమని డాక్టరు సెప్పినాడు గదా, అందుకే ఈడికి వస్తాండె. ఇప్పుడు నాలుగక్షరాలు గూడా కొట్టలేను, నా పనైపోయింది అని అంతా మానేసినాడంట.”

అప్పటికప్పుడే పుంగనూరు బస్సెక్కాను.

ఆయన కుడిచేతి వేళ్లు గట్టిగా ముడుచుకుపోయి ఉన్నాయి.

“సార్, తప్పు మీది కాదు. ఆ ఆట నేనే తీసేసినాను.”

ఆయన తన వేళ్లవంక చూసుకున్నారు. “అంటే... నేను కరెక్టుగానే కొట్టినానా?”

“కొట్టిన ప్రతిసారీ కరెక్టే సార్.”

నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. కూతురిని పిలిచి స్కేలు తెమ్మన్నారు. కుడిచేత్తో అందుకోబోతే వేళ్లు విప్పుకోలేదు, స్కేలు జారి పడింది. నేనే తీసి ఎడమచేతికి అందించి, నా చెయ్యి చాపాను.

“మిషన్ తప్పు చెయ్యదని నేర్పిస్తి,” అంటూ ఒక్కటేశారు. “మిషన్ పక్కన నీలాంటోడు ఉంటాడని నేర్పించేది మర్సిపోతి!”

ఆ స్కేలు సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో ఏ సిస్టంలోనూ, ఎంత పనికిమాలిన ఆటనైనా పీకెయ్యను. బస్సులో పక్కవాడు సెల్‌ఫోన్‌లో పాముని ఆడిస్తూ నా కాలు తొక్కినా సరే, “ఆడుకో నాయనా, యేళ్లకు మంచిది” అనే అంటాను.