నూకరత్నం గారి పేరు ఎవరు వెతుకుతారు?

నిన్న పొద్దున మా అపార్ట్‌మెంటు మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులో ఎవరో మెత్తళ్ళు వేయిస్తున్నారు. ఉల్లిపాయలతో కలిసి ఎండు చేప నూనెలో ఎర్రబడుతున్నప్పుడు వచ్చే ఆ వాసన తగలగానే నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. ఇంట్లోకి వెళ్ళి ఫోను చూసుకుంటే అపార్ట్‌మెంటు గ్రూపులో అప్పటికే సందేశం వచ్చి ఉంది: "ఎండు చేపలు వండుకునేవారు దయచేసి కిటికీలు మూసుకోగలరు. ఇక్కడ మర్యాదస్తులు ఉంటున్నారు." దాని కింద నలుగురు దణ్ణాలు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండు చేప తినేవాళ్ళకి మర్యాద ఉండదని వీళ్ళకి ఎవరు చెప్పారు? నేను చూసిన మనుషులందరిలోకీ మర్యాద తెలిసిన మనిషి సామర్లకోట స్టేషను ఎదురుగా ఇరవై ఏళ్ళకు పైగా ఎండు చేపలు అమ్మింది. ఆవిడ పేరు నూకరత్నం. అమర్యాద ఏదైనా జరిగిందంటే అది ఆవిడ పట్ల మేం చేసిందే.

నేను వెబ్‌సైట్లు తయారుచేస్తాను. ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నాను గానీ, అప్పట్లో రాజమండ్రిలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. రోజూ సామర్లకోట నుంచి రైల్లో వెళ్ళివచ్చేదాన్ని. మా ఆఫీసు గోడ మీద "నెల రోజుల్లో మొదటి పేజీ గ్యారంటీ" అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. ఫోన్లో ఎవరైనా ఏదైనా వెతికితే వచ్చే జాబితాలో మొదటి పేజీయే అందరూ చూస్తారు, రెండో పేజీలో ఉన్నవాడు లేనివాడి కిందే లెక్క. ఆ భయాన్ని పట్టుకునే మా మేనేజరు కిశోర్ గారు వ్యాపారం నడిపేవారు. అటువంటి ఆఫీసుకి ఒక రోజు నూకరత్నం గారు వచ్చారు. అరవై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు, ఉతికి ఆరేసిన నేత చీర. లోపలికి చెప్పులతో రావచ్చని చెప్పినా వినకుండా గుమ్మం బయటే విడిచి, కుర్చీ అంచున కూర్చున్నారు.

"స్టేషను ఎదురు మా కొట్ల వరసంతా తీయించేశారండి, రోడ్డు కోసమని. నేను వెనకాల సందులోకి మారాను. రైలు దిగినోళ్ళు పాత చోట చూసి, లేనని వెళ్ళిపోతన్నారు. ఇప్పుడంతా ఫోన్లో వెతుకుతారని మా మనవరాలు చెప్పింది. నన్ను వెతికినోళ్ళకి నేను దొరకాలండి. అంతే, ఆయ్" అన్నారు.

ఆవిడ అడిగింది అంతే. ఊళ్ళేలాలని కాదు, తనని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి తను కనబడాలని. కిశోర్ గారికి అది చాలా చిన్న కోరికగా తోచింది. "దొరకడం ఏంటండీ, దేశమంతా మీ కొట్టుకి క్యూ కడుతుంది. పేరు మాత్రం మారుద్దాం. గోదావరి ప్రీమియం డ్రై ఫిష్. ఎలా ఉంది?" అన్నారు. ఆవిడ "నా పేరుండదా అండి?" అని అడిగారు. "మీ పేరు ఎవరు వెతుకుతారండీ?" అని ఆయన నవ్వారు. "నా పేరే కదండీ వెతుకుతారు. చేపలు ఎక్కడైనా దొరుకుతాయి" అన్నారావిడ. ఆ మాట ఆయన వినలేదు. నేను విన్నాను, విని ఊరుకున్నాను.

ఆ పాత కొట్టుని ఎవరో అభిమానం గల కస్టమరు ఫోన్ మ్యాపులో ఎప్పుడో పెట్టారు. 'నూకరత్నం ఎండు చేపలు' అన్న పేరూ, గంపల వెనక ఆవిడ కూర్చున్న ఫోటో ఒకటీ ఉండేవి. కొత్త పేరుకి అది అడ్డమని, దాన్ని మూసేయమని కిశోర్ గారు చెప్పారు. చిరునామా మారిస్తే సరిపోయేది, కానీ నాకు ఆ ఆలోచనే రాలేదు. మూసేశాం అన్నచోట నొక్కి, టీకి వెళ్ళిపోయాను.

తరువాత వెబ్‌సైటులో రాతలన్నీ రాసే పని నా మీద పడింది. రాయడమంటే ఏముంది, పై రాష్ట్రంలోని ఒక కంపెనీ ఇంగ్లీషు పేజీ తీసుకుని, కంప్యూటరుకి ఇచ్చి తెలుగు చేయించాను. పూర్తయ్యాక చూసుకోమని ఆవిడని పిలిచాం. ఆవిడ తెర మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. "ఎం...డ...బె...ట్టి...న... బొం...బా...యి... బా...తు." నా వైపు తిరిగారు. "ఏంటమ్మా ఇది? నేను బాతులు అమ్ముతన్నానా?"

మన వానమట్టల చేపని ఇంగ్లీషులో బాంబే డక్ అంటారు. కంప్యూటరు ఆ డక్కుని పట్టుకుని బాతుని చేసింది. ఆఫీసంతా ఒకటే నవ్వులు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మీ ఇంట్లో వానమట్టలు వండుకోరా అమ్మా?"

"వండుకుంటామండి." ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా అమ్మ చేసే కూరే అది.

"మీ అమ్మ దాన్నేమంటది?"

"వానమట్టలే అంటుందండి."

"మరి నీకు తెలిసిన మాట ఉండగా తెలీని మాట ఎందుకు రాశావు?"

కంప్యూటరు మీదకి నెట్టేయడానికి నోరు తెరిచి, సిగ్గేసి మూసుకున్నాను. ఆవిడ లేస్తూ, "ఆదివారం మా సందుకి వచ్చి నా పక్కన కూకో. జనం ఏమని అడుగుతారో విను. అదే రాయి" అన్నారు.

వెళ్ళాను. ఒకటి కాదు, నాలుగు ఆదివారాలు. సందులో గంపల వెనక ఆవిడ చిన్న పీట మీద, పక్కనే ఇంకో పీట మీద నేను. ప్రీమియం ఉందా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. "ఇసక లేని రొయ్యపొట్టు ఉందా అండి?" అన్నారు. "ఉప్పు తక్కువున్న చేప ఇవ్వండి, మా ఆయనకి బీపీ" అన్నారు. "బాలింతకి సొర చేప పెట్టొచ్చా పిన్నిగారూ?" అన్నారు. ఒకే చేపని ఒకరు మెత్తళ్ళంటే ఇంకొకరు నెత్తళ్ళన్నారు. ఆవిడ ప్రతివాళ్ళకీ ఓపిగ్గా చెప్పేవారు. ఒకావిడ రొయ్యపొట్టు కోసం సంచీ చాపితే, "ఇవాళ్టి దాంట్లో ఇసకుందమ్మా, తీసుకెళ్ళకు. గురువారం రా" అని వెనక్కి పంపేశారు. మా ఆఫీసులో ఎవరినీ వెనక్కి పంపడం నేను చూడలేదు. ఆ ప్రశ్నలూ ఆవిడ జవాబులూ ఉన్నవి ఉన్నట్టు నోటు పుస్తకంలో రాసుకుని, వాటితోనే పేజీలన్నీ మళ్ళీ రాశాను. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఆ పీట మీదే నేర్చుకున్నాను.

కిశోర్ గారు అవి చూసి మొహం చిట్లించారు. "ఈ పల్లెటూరి మాటలు ఎవడికి కావాలి?" అని, పేజీ అడుగున తెల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో, మనుషులకి కనబడకుండా సెర్చి ఇంజనుకి మాత్రమే కనబడేలా, 'బెస్ట్ డ్రై ఫిష్' అని వరసపెట్టి వందసార్లు వేయించారు. అది చాలక, కొన్నవాళ్ళు రాసినట్టు మెచ్చుకోళ్ళు కూడా తయారుచేయించారు. హైదరాబాదు నుంచి శ్రావణి: సూపర్ టేస్ట్. బెంగళూరు నుంచి కార్తీక్: మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మనవరాలు అవి చదివి వినిపిస్తే నూకరత్నం గారు మర్నాడే బస్సెక్కి వచ్చేశారు.

"ఈ శ్రావణి ఎవరమ్మా? నా దగ్గర కొన్న మొహం నేను మర్చిపోను. ఈ పిల్ల ఎప్పుడూ రాలేదు."

కిశోర్ గారు సర్దిచెప్పబోయారు. "ఇవన్నీ మామూలేనండి. అందరూ చేస్తారు. ఇవి లేకపోతే పైకి రారు."

"నా చేప తినని నోటితో నన్ను మెచ్చుకోకండి బాబూ. తీసేయండి" అని ఆవిడ నా వైపు చూశారు. నేనేమైనా అంటానని చూశారు. నేను తల వంచుకుని, లేని పని ఏదో చేస్తున్నట్టు కీబోర్డు మీద వేళ్ళు ఆడించాను. ఉద్యోగం పోతుందని భయం. ఆ మెచ్చుకోళ్ళు తీయలేదు, తీశామని ఆవిడకి ఫోన్లో చెప్పాం. ఆ అబద్ధం చెప్పించింది ఆయనే, చెప్పింది నేను.

కొన్నాళ్ళు ఆ సైటు ఎక్కడో అయిదో పేజీలో కొట్టుమిట్టాడింది. తరువాత అక్కడ కూడా లేకుండా పోయింది. దొంగరాతలు పసిగట్టి, సెర్చి ఇంజను దాన్ని మొత్తంగా తీసి పక్కన పడేసింది. ఎవరైనా అడిగితే అల్గారిథమ్ మారిందని చెప్పమన్నారు కిశోర్ గారు. అంత పెద్ద మాటంటే జనం ఎదురు ప్రశ్న వేయరని ఆయన ధీమా. ఆ వారంలోనే నూకరత్నం గారు కబురుపెడితే సందుకి వెళ్ళాను. ఆవిడ మనవరాలి ఫోను నా ముందు పెట్టారు. మ్యాపులో పాత కొట్టు, ఆవిడ పేరు, ఆవిడ ఫోటో, దాని కింద ఎర్రటి అక్షరాలు. వేలు పెట్టి చదివారు.

"శా...శ్వ...తం...గా... మూ...సి...వే...య...బ...డిం...ది." తల ఎత్తారు. "శాశ్వతంగా అంటే ఏంటమ్మా? నేను పోయాననా?"

ఇంక దాచలేకపోయాను. "అది నేనే నొక్కానండి" అని మొదలుపెట్టి, తెల్ల అక్షరాల దగ్గర నుంచి తీయని మెచ్చుకోళ్ళ దాకా అంతా చెప్పేశాను. ఆవిడ గొంతు నేనెప్పుడూ విననంతగా లేచింది. "కొట్టు మూశానో తెరిచానో చెప్పాల్సింది నేను కదా? నన్నడక్కుండా నా తలుపు మీరెలా మూసేత్తారు? గంపల ముందు కూకున్న మనిషిని లేదని రాసేత్తారా? చదువుకున్నోళ్ళయ్యుండి ఇదేనా మీరు చేసే పని?" చుట్టుపక్కల వాళ్ళు బయటికి వచ్చి చూశారు. నేను ఏడుస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆవిడ చెయ్యి కడుక్కుని, నాకు మంచినీళ్ళిచ్చి, "నువ్వే మూశావు. నువ్వే తియ్యి" అన్నారు.

ఉద్యోగం మానేస్తున్నానని చెబితే కిశోర్ గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఒక చేపలావిడ కోసమా?" అన్నారు. నాకు ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది. ఆయన చెడ్డవాడు కూడా కాదు, ఇంటికెళ్తే మంచి తండ్రి. కానీ తన దగ్గరకి నమ్మకంతో వచ్చిన మనిషి ఆయన కంటికి ఆననే లేదు.

మ్యాపులో కొట్టు మళ్ళీ తెరిచి, చిరునామా సందుకి మార్చాను. దొంగరాతలన్నీ తీసేశాను. పైన 'నూకరత్నం ఎండు చేపలు, సామర్లకోట' అని పేరు పెట్టాను. కింద నా నోటు పుస్తకంలోని ప్రశ్నలూ జవాబులూ. ఒకసారి నమ్మకం పోగొట్టుకున్న సైటు మళ్ళీ పైకి రావడానికి నెలలు పట్టింది. వచ్చాక, జనం ఏ మాటలతో వెతికి ఇక్కడికి వస్తున్నారో ఆ జాబితా తెరిచి చూశాను. అన్నిటికంటే పైన ఉన్నవి ఆవిడ పేరున్న మాటలే. స్టేషను ఎదురు నూకరత్నం. నూకరత్నం రొయ్యపొట్టు. నూకరత్నం గారి కొట్టు ఎక్కడ. ఆవిడ పేరు ఎవరు వెతుకుతారని నవ్విన మనిషి మొహం మీద ఆ జాబితా విసిరికొట్టాలనిపించింది.

ఆ తరువాతి ఆదివారం నేను సందులో ఉండగా ఫోను మోగింది. ఆవిడ చేతులు రొయ్యపొట్టులో ఉన్నాయి. స్పీకరు పెట్టమన్నారు.

"నూకరత్నం గారేనా అండి? నేను తుని నుంచి. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను."

"ఆయ్, గార్డుగారా! బతికే ఉన్నానండి. కొట్టూ ఉంది, నేనూ ఉన్నాను. మధ్యలో కనబడకుండా చేశారంతే" అని ఆవిడ నవ్వారు. "ఎన్నాళ్ళయిందండీ మీరొచ్చి! అమ్మగారు ఎలా ఉన్నారు?"

"మా ఆవిడ నిరుడు వానాకాలంలో పోయిందమ్మా. ఆఖర్న నోటికేదీ సయించేది కాదు. మీ రొయ్యపొట్టు వేయించి పెట్టమని అడిగింది. మీరెక్కడున్నారో అని ఫోన్లో చూస్తే, శాశ్వతంగా మూసేశారని ఉంది. ఇంకెక్కడో కొని తెచ్చాను. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది నూకరత్నానిది కాదండీ అని పళ్ళెం పక్కన పెట్టేసింది."

"అయ్యో తల్లీ" అన్నారు నూకరత్నం గారు. ఫోను వైపు వంగి, "ఒకసారి రండి బాబుగారూ. మీరు రావాలి" అన్నారు. ఫోను పెట్టేశాక నన్ను తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "విన్నావా అమ్మా?" అన్నారు. "విన్నానండి" అన్నాను. ఇద్దరం మళ్ళీ రొయ్యపొట్టులో ఇసక ఏరడం మొదలుపెట్టాం.

నూకరత్నం గారు పోయి రెండేళ్ళవుతోంది. కొట్టు ఇప్పుడు కూతురు చూసుకుంటోంది. ఆ గార్డుగారి భార్యని నేనెప్పుడూ చూడలేదు, పేరు కూడా తెలియదు. ఆవిడ పక్కన పెట్టేసిన పళ్ళెం మాత్రం నేను ఏ బటన్ నొక్కబోయినా నా కళ్ళ ముందుకి వస్తుంది. గోడల మీద ఇప్పటికీ ఊరూరా ఆ గ్యారంటీ రాతలు కనబడుతున్నాయి, వాటిని చూసినప్పుడల్లా నా కోపం కొత్తగానే ఉంటుంది. అది తగ్గకూడదనే అనుకుంటాను. నా దగ్గరకి వచ్చేవాళ్ళు కూర్చోగానే మొదటి పేజీలోకి ఎప్పుడొస్తామని అడుగుతారు. నేను కంప్యూటరు తెరవకుండా ముందు ఒక్కటే అడుగుతాను: "ఇన్నాళ్ళూ మీ కొట్టుకి వచ్చేవాళ్ళు మిమ్మల్ని ఏమని అడుగుతూ వచ్చేవారండి?" కొందరు ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి లేచి వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి. మిగిలినవాళ్ళు కాసేపు ఆలోచించి, కాస్త మొహమాటపడుతూ, తమ పేరు చెబుతారు.