రెండు తొట్లు, ఒక బోరు

లింగాల దారిలో మాకూ చిన్నాయనకూ కలిపి పొత్తుల బోరు ఒకటుంది. ఒకనాడు మాకు, మరునాడు ఆయనకు, వంతుల మీద నడిచేది. ఆ యాసంగిలో ఇద్దరమూ పల్లి వేశాం. ఊడలు భూమిలోకి దిగి కాయ ఊరే వేళకు, పైపు నిండా పోసే బోరు సగం పైపుకు వచ్చింది. అప్పుడు తడి తప్పితే కాయలో గాలి తప్ప గింజ ఉండదు. నాయనా చిన్నాయనా ఒకరి పేరెత్తకుండా ఒకరి గురించి ఒకరు మాట్లాడుకునే దశకు చేరుకున్నారు.

నేను వ్యవసాయంలో డిగ్రీ చేసినవాణ్ణి. ఇంట్లో ఈ సంగతి గుర్తుకొచ్చే సందర్భాలు తక్కువ. ఇది అందులో ఒకటి. పంటకు ఎన్ని నీళ్లు కావాలో అంచనా వేయడం కష్టమేమీ కాదన్నాను. వెడల్పాటి రేకు తొట్టిలో నిండా నీళ్లు పోసి చేలో పెట్టాలి. రోజూ పొద్దున స్కేలు పెట్టి ఎంత తగ్గిందో చూసి మళ్లీ నింపాలి. ఎండా గాలీ తొట్టిలోంచి ఎంత లాగితే, పంటలోంచీ ఇంచుమించు ఆ లెక్కనే లాగుతాయి. ఎవరి చేను ఎక్కువ ఆరితే వాళ్లకు ఎక్కువ నీళ్లు. శాస్త్రానికి ఒక తొట్టి చాలు. అన్నదమ్ములకు రెండు కావాల్సి వచ్చాయి.

"తొట్టి మాటే మాట," అన్నాడు చిన్నాయన. నాయన తల ఊపాడు.

కొద్దిరోజులకే ఫలితాలు తేలాయి. చిన్నాయన తొట్టి రోజూ సగానికి దిగుతోంది. మా తొట్టి అంచుల దాకా నిండుగా ఉంటోంది. ఒకసారైతే పొర్లి ఉంది కూడా. మధ్యలో ఉన్నది ఒక్క గట్టు. గట్టుకు అటు నడివేసవి, ఇటు ముసురు. చదువుకోనివాడైతే అనుమానపడేవాడు. నేను కారణం కనిపెట్టాను: మా వైపు గాలి కాస్త తక్కువ. ఒప్పందం ప్రకారం బోరు నీళ్లన్నీ గట్టు దాటాయి. చిన్నాయన శాస్త్రాన్ని మారుమాట లేకుండా గౌరవించాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ సద్ది తెచ్చి, ఆకులు ముడుచుకున్న మా చేను చూసి నిలబడిపోయింది.

"మన వంతు నీళ్లు ఏమైనయి బిడ్డా?"

తొట్టి వద్దంటున్నదని చెప్పాను. చేనుకూ తొట్టికీ ఏం సంబంధమని అడిగింది. మగవాళ్లం బోరు దగ్గర కూర్చుని తేల్చుకున్న ఈ పద్ధతిని ఆమెకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తట్టింది. వివరంగా చెప్పాను. ఆమె మా తొట్టి వైపు తిరిగింది.

"ఆ తొట్టిల దినాం తెల్లారంగనే నేనే నీళ్లు పోస్తున్న. పిట్టల కోసం పెట్టినవనుకున్న. నీకు గంత దయ ఎక్కడికెళ్లి వచ్చిందా అని సంబురపడ్డ."

సద్ది గిన్నె నా చేతిలో పెట్టి గట్టు దాటింది. వెనకే నేనూ దాటాను. చిన్నాయన మోటరు డబ్బా దగ్గర కూర్చుని ఉన్నాడు. అమ్మ జరిగింది చెప్పి, చేను చేతికి రాకుండా పోయేటట్టుందని, మా వంతు మాకిమ్మని అడిగింది.

"మాట మాటనే కద వదినా. మీ చేనుకు నీళ్లొద్దని చెప్పింది నేనా? సదువుకున్న సారు చెప్పిండు."

"మరి నీ తొట్టిల నీళ్లు ఎటువోతున్నయి?"

"ఎండ గట్లున్నది."

అమ్మ ఆయన తొట్టి వైపు చూసింది. మేమూ చూశాం. చిన్నాయన బర్రె అందులో మూతి పెట్టి, తొందరేమీ లేకుండా ఎండను కొలుస్తోంది.

చిన్నాయన గొంతు సవరించుకుని, అది ఎప్పుడో ఒకసారి తాగుతుందన్నాడు. బర్రె తల ఎత్తి, మూతి నాక్కుని, మళ్లీ దించింది. ఆయన లేచి వెళ్లి వాల్వు మా వైపు తిప్పాడు. నీళ్లు మా కాలువలోకి మళ్లాయి. చేను ఆ చివరన ఉన్న నాయన నీళ్ల చప్పుడు విని, పార పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఇంతగనం వాడిన చేనుకు ఎన్ని నీళ్లు కావాలె సారూ?" అని చిన్నాయన నన్నడిగాడు.

చూసి చెప్తానన్నాను.

"నువ్వు జూడకు కొడుకా. నేను జూస్త," అన్నాడు చిన్నాయన.

చివరి సాలు తడిసేదాకా ఆయన గట్టు మీద నుంచి కదల్లేదు.