అవునంటే నొక్కు

మా ఆయనకు పక్షవాతం వచ్చి నాలుగో నెల నడుస్తుండగా కావలి నుంచి లైను కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. మా పాలెంలోనూ, చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీదా ఇంటర్నెట్ ఇచ్చేది మేమే. కావలి నుంచి వచ్చే పెద్ద లైను వాళ్ళది. దాన్ని మా ఇంటికి తెచ్చి, ఇక్కడి నుంచి ఇంటింటికీ వైరు లాగింది మా ఆయన.

"మీ వైపు నుంచి చెత్త వస్తుండాదమ్మా," అన్నాడు మేనేజరు. "చెరువుల కాడ కెమెరాల్లోకి ఎవరో దూరి, వాటితో బయటోళ్ళ మీద దాడి చేయిస్తుండారు. శుక్రవారం లోపల ఫైర్‌వాల్ పెట్టి, వచ్చేదానికీ పోయేదానికీ కాపలా పెట్టుకోండి. లేకుంటే లైను ఆపమని పైనుంచి చెప్పినారు. నా చేతుల్లో లేదు."

ఆ మాట నాకు కొత్త కాదు. నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరు కూడా అదే అన్నాడు. మాట ఎప్పుడొస్తుందని అడిగితే, మా చేతుల్లో లేదమ్మా అన్నాడు. "చేతిలో పట్టు ఉంది కదా అని ఆశ పెట్టుకోవద్దు. అది..." అని ఇంకా ఏదో చెప్పబోతుంటే నేను లేచి వచ్చేశాను. నాకు ముక్కు మీద కోపం. పూటకు యాభై మందిని చూసే మనిషికి, ఇరవై రెండేళ్ళు కాపురం చేసినదానికంటే ఎక్కువ తెలుసా అనుకున్నాను.

ఎందుకంటే ఆయనకు మాట లేకపోయినా మేం మాట్లాడుకుంటున్నాం. ఇంటికి తెచ్చిన రోజే ఆయన ఎడమ అరచేతిలో నా రెండు వేళ్ళు పెట్టి, "బావా, నన్ను గుర్తు పట్టినావా? అవునంటే నొక్కు, కాదంటే వదిలెయ్," అన్నాను. గట్టిగా నొక్కారు. ఆ పట్టుకు నేను మంచం పక్కనే కూలబడి ఏడ్చాను. అప్పటి నుంచి జావ తాగుతావా అన్నా, ఫ్యాను తగ్గించనా అన్నా, ముందు వేళ్ళు పెట్టడం, తర్వాత అడగడం. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు కూడా.

ఫైర్‌వాల్ పెట్టాలని ఆయనకు ముందే ఆలోచన ఉంది. చెన్నైలో ఒక పాత పెట్టె కొనుక్కొచ్చి, సాఫ్ట్‌వేర్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌ను దానికి రబ్బరు బ్యాండుతో కట్టి అరలో పెట్టారు. "పండగ పోనీమే, కూర్చుని పెడతా," అన్నారు. పండగ కంటే ముందే ఆయన పడిపోయారు.

అది టిఫిన్ డబ్బా అంత ఇనప పెట్టె. తెర లేదు, కీబోర్డు లేదు. ముందు మూడు లైట్లు, వెనక నాలుగు వైర్ల రంధ్రాలు, ఏది ఏదో రాసి లేదు. అది లోపల ఏం చేస్తోందో తెలియాలంటే పక్కనున్న చిన్న రంధ్రంలో నీలం వైరు పెట్టి, రెండో కొన లాప్‌టాప్‌కు తగిలించాలి. అప్పుడు దాని మాటలు లాప్‌టాప్ మీద కనిపిస్తాయి. అంతవరకూ అది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది.

కావలి నుంచి ఒకతన్ని పిలిపించాను. టీ తాగాడు, పెట్టెను తిప్పి తిప్పి చూశాడు. "మేం పెట్టేవి వేరేక్కా. ఇది అన్నకే తెలవాల," అని వెళ్ళిపోయాడు. అన్న ఒక్క ముక్క కాగితం మీద రాసి పెట్టుకున్న మనిషి కాదు. ఏ స్తంభం మీద ఏ వైరు పోతుందో, ఏ చెరువుకు ఏ పాస్‌వర్డో అంతా మనసులోనే. రాసుకోవయ్యా అంటే, "నేను యాడికి పోతానే," అనేవారు. ఇంకొకరిని బతిమాలడం నాకు చేతకాదు. ఇరవై ఏళ్ళుగా వైర్ల కొనలు నేనే కోసి బిగిస్తున్నాను, ఉప్పు గాలికి చిలుం పట్టినవి నేనే మారుస్తున్నాను. నేనే పెడతాను, తెలియనిది ఆయన్ని అడుగుతాను అనుకున్నాను.

బుధవారం పొద్దున ఆయనకు ఒళ్ళు తుడిచి, దిండు ఎత్తు చేసి, పెట్టెనూ లాప్‌టాప్‌నూ మంచం పక్క స్టూలు మీద పెట్టుకున్నాను. ఇంట్లో ఇన్వర్టరు నెట్టు గదికే ఉంది కాబట్టి మంచం ఆ గదిలోనే వేశాం. ఆయన కళ్ళు గోడ మీదున్న వైర్ల వైపే ఉన్నాయి. నాకు నిజంగా సంతోషంగా ఉంది. నాలుగు నెలల తర్వాత ఇద్దరం కలిసి పని చేస్తున్నాం.

పెన్‌డ్రైవ్ పెట్టెకు గుచ్చి నీలం వైరు పెడితే, పెట్టెతో ఏ వేగంతో మాట్లాడాలో ముందు చెప్పమంది లాప్‌టాప్. తప్పు చెబితే తెర నిండా పిచ్చి గీతలు వస్తాయని ఫోన్లో చదివాను. పెట్టె అడుగున చిన్న అక్షరాలతో ఒక అంకె అచ్చు వేసి ఉంది. వేళ్ళు ఆయన చేతిలో పెట్టి, "బావా, లక్షా పదిహేను వేల రెండొందలేనా?" అన్నాను. నొక్కారు. అది కొట్టగానే తెర మీద అక్షరాలు శుభ్రంగా వరసలు కట్టి వచ్చాయి. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

తర్వాత నాలుగు రంధ్రాల్లో బయటి లైను ఏది, లోపలి లైను ఏది అని అడిగింది. కావలి నుంచి వచ్చే వైరుకు ఆయన ఎప్పుడూ ఎర్ర టేపు చుడతారు. "ఎర్ర టేపుదే గదా బయటిది? మొదటి బొక్కలో పెట్టేదా?" నొక్కారు. పెట్టాను, లైటు వెలిగింది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఆయన నన్ను ఆటపట్టించేవారు, నేను ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తానని. ఆ పొద్దున ఎన్ని అడిగినా విసుక్కోలేదు. మధ్యాహ్నానికి పెట్టె లేచి నిలబడింది. నీలం వైరు తీసేసి, మామూలు నెట్టు వైరు మీదే లాప్‌టాప్‌లో దాని సెట్టింగుల పేజీ తెరిచాను. పాలెం నెట్టంతా ఇప్పుడు దాని గుండానే పోతోంది.

మిగిలింది తలుపులు మూయడం. ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో ఒకదాని కింద ఒకటి రాయాలి. ఏది ముందో నాకు అర్థం కాలేదు. "బావా, ముందు అన్నీ మూసేసి, తర్వాత కావాల్సినవి ఒక్కోటి తెరవాల్నా?" వేళ్ళ మీద పట్టు బిగిసింది. మూసేశాను.

పేజీ ఆగిపోయింది. మళ్ళీ తెరిస్తే రాలేదు. నిమిషంలో ఫోన్ మోగింది. "ఏందిక్కా, చెరువు కెమెరాలన్నీ పోయినయ్," అని ఒక రైతు. కట్ చేస్తే ఇంకోటి. అన్నిటితోపాటు నన్ను కూడా నేనే బయటికి గెంటుకున్నాను.

నాకు భయం వేయలేదు. నీలం వైరు పెడితే పెట్టెతో మళ్ళీ మాట్లాడవచ్చని తెలుసు. నా చెయ్యి ఆగిపోయింది వేరే సంగతి గుర్తొచ్చి. పెళ్ళయిన కొత్తలో ఆయన ఎక్కడో దూరాన ఒక రొయ్యల కంపెనీలో ఉన్న పెట్టెను ఇంట్లో కూర్చునే నెట్టు మీద సరిచేస్తూ ఇలాగే ముందు అన్నీ మూసేశారు. వానలో లాప్‌టాప్ రెయిన్‌కోటు లోపల పెట్టుకుని, బండి మీద అంత దూరమూ వెళ్ళి తెరిచి వచ్చారు. ఆ కథ ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుని నవ్వేవారు. "కూర్చున్న కొమ్మ నరుక్కున్నోణ్ణి నేనేరా. ముందు మనం పోయే దోవ తెరవాల, ఆ తర్వాతే తలుపులు మూయాల." ఏమి మరిచినా ఆయన అది మరవరు.

పొద్దున్నుంచి నేనడిగినవన్నీ మళ్ళీ తలచుకున్నాను. వేగం పెట్టె అడుగున నేను చదివిందే. ఎర్ర టేపు నాకు తెలిసిందే. జావ కూడా ఆయనకు ఆకలేసే వేళకే అడిగేదాన్ని. కాదు అని చెప్పాల్సిన ప్రశ్న నాలుగు నెలల్లో నేను ఒక్కటీ అడగలేదు. తెలిసి అడగలేదో, తెలియక అడగలేదో దేవుడికే తెలియాలి.

మళ్ళీ వేళ్ళు పెట్టాను.

"బావా, మనకు ఇద్దరు ఆడపిల్లలు గదా?"

నొక్కారు. గట్టిగా, మొదటి రోజు నొక్కినంత గట్టిగా. ఆయన కళ్ళు గోడ మీదే ఉన్నాయి. ఊరుకోవాల్సింది. నా మొండితనం ఊరుకోనివ్వలేదు.

"నేనెవరో నీకు తెలవదు గదా?"

నొక్కారు.

ఫోన్ మోగుతూనే ఉంది. పని చేయడానికి నాకు రెండు చేతులూ కావాలి. లాగితే ఆయన వదల్లేదు. ఒక్కో వేలూ విప్పి నా చెయ్యి తీసుకుని, పక్కన పడి ఉన్న పాత వైరు ముక్క ఆ అరచేతిలో పెట్టాను. నీలం వైరు మళ్ళీ తగిలించాను. తెర మీదికొచ్చిన అంకెల జాబితాలో పాత స్థితికి వెనక్కి వెళ్ళేది ఒకటుంటే అది నొక్కాను, పేజీ తిరిగొచ్చింది. ముందు నా లాప్‌టాప్‌కు దోవ తెరిచాను. తర్వాత ఇళ్ళకు, చెరువులకు కావాల్సినవి తెరిచాను. చివర్లో మిగతావన్నీ మూశాను. ఎవరినీ ఏమీ అడగలేదు. కళ్ళు మసకబారి రెండు సార్లు తప్పు కొట్టి దిద్దుకున్నానే తప్ప, పని కుదిరింది.

"వచ్చిందక్కా," అని ఫోన్లు వచ్చాయి. సాయంత్రం ఐదింటికి మేనేజరు చేశాడు. "చెత్త ఆగిపోయిందమ్మా. బలే చేసినారు. ఎవరు పెట్టినారు?"

"మా ఆయన చెప్పినాడు, నేను పెట్టినా," అన్నాను.

"అట్టయితే కోలుకుంటుండాడన్న మాట. మంచి మాట చెప్పినారు."

"ఊఁ," అని పెట్టేశాను.

జావ వేళయింది. కలుపుకొచ్చి మంచం మీద కూర్చున్నాను. తాగుతావా అని అడగలేదు. ఆయన చేతిలో వైరు ముక్క అలాగే ఉంది. నా వేళ్ళను పట్టుకున్నంత గట్టిగానే దాన్నీ పట్టుకుని ఉన్నారు.