చెయ్యి కలిపాకే వదలాలి

మా చిన్నప్పుడు... మా దీవుల్లో బాంబూఫ్లాట్ నుంచి వచ్చే ఫెర్రీ చాతం రేవులో ఆగగానే, బడికి నడవడానికి పిల్లలమంతా వరుస కట్టేవాళ్లం. ముందున్నవాళ్ల బ్యాగు పట్టీ వెనకవాళ్ల చేతిలో. అందరికన్నా ముందు మా పక్కింటి లక్ష్మి దీదీ... అందరికన్నా చివర ఒకటో తరగతి చదివే నేను.

దీదీది పన్నెండో తరగతి. కంప్యూటర్ పాఠంలో లింక్డ్ లిస్ట్ ఎంతకీ బుర్రకెక్కక, మమ్మల్నే లిస్టు చేసేసింది. "ఒక్కొక్కలూ ఒక్కో నోడ్. నీ ముందు ఎవులున్నారో నీకు తెలిస్తే చాలు, బస్" అనేది. మాకు ముక్క అర్థమైతే ఒట్టు... అయినా నోడ్ అనిపించుకోవడం మహా గొప్పగా ఉండేది.

ఒకరోజు జోరువాన. నా ముందున్న సలీంగాడు తన బడి గేటు కనపడగానే ఒకటే పరుగు. నా చేతిలో పట్టీ లేదు... తలెత్తితే అన్నీ గొడుగులే, మనవాళ్లు ఒక్కరూ లేరు. రంపపు మిల్లు గోడ పక్కన నిలబడి గుక్కపట్టి ఏడ్చాను.

దీదీ తడిసి ముద్దయి వెనక్కి పరిగెత్తుకొచ్చింది. తన్నులు ఖాయం అనుకున్నాను. చున్నీతో నా ముక్కు తుడిచింది. "తప్పు నాదేనే గుంటా. ముందు నీ చెయ్యి సలీం ముందున్నోళ్లకి కలపాల... ఆ తరవాతే ఆడ్ని వదలాల."

అంతలోనే ఆగి, వానలో నిలబడి నవ్వేసింది. "అరే... నా ప్రోగ్రాంలోనూ ఇదే గదా. ఒకల్ని తీస్తే ఎనకున్నోళ్లందరూ పోతన్నారు."

దీదీ పాసైంది. వైజాగ్‌లో చదువు... జెట్టీలో ఓడ సిద్ధంగా ఉంది. రేపటినుంచి నన్నెవరు తీసుకెళ్తారు? ఆవిడ చున్నీ పట్టుకుని వదలనంటే వదలనని మొండికేశాను.

దీదీ నా వేళ్లు విడదీయలేదు. సలీం వాళ్లక్క అయిన నూర్ దీదీని పిలిచింది. నా రెండో చేతిని ఆమె చేతిలో పెట్టింది. గట్టిగా పట్టుకున్నానో లేదో చూసింది. అప్పుడు మెల్లగా చున్నీ లాక్కుని, "ఇప్పుడు నాను ఎల్తాను" అంది.

ఇప్పుడు పిల్లలకి స్కూలు బస్సు గుమ్మం ముందుకే వస్తోంది. నేనూ ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను... లిస్టులోంచి ఏ నోడ్ తీసినా దీదీ గుర్తొచ్చి కళ్లు చెమరుస్తాయి. ఈ మధ్య మనుషులు చెప్పాపెట్టకుండా గ్రూపుల్లోంచి వెళ్లిపోతున్నారు... మన జీవితాల్లోంచి కూడా.

వెళ్లే ముందు మీ చేతిని ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్ల పేరు కింద రాయరూ...