మూఢంలో పోయిన కార్డు

మా ఆయన కెనడా పౌరుడు. నేను కాను. పెళ్లయ్యాక వెళ్లిన నాకు ఆ దేశం ఇచ్చింది పర్మనెంట్ రెసిడెంట్ కార్డు మాత్రమే. పేరుకే పర్మనెంట్. ఐదేళ్లలో రెండేళ్లు అక్కడ ఉండకపోతే అది చేజారిపోతుంది. అయితే ఒక వెసులుబాటు ఉంది. పౌరుడైన భర్తతో కలిసి వేరే దేశంలో కాపురం చేస్తే, ఆ కాలమంతా కెనడాలో ఉన్నట్టే లెక్క. దాన్ని నమ్ముకునే నేను ఆయన వెంట నరసరావుపేట వచ్చాను.

బావగారికి పురుగుమందుల షాపు ఉంది. దాచేపల్లిలో రెండోది తెరుస్తూ తమ్ముణ్ని రమ్మన్నారు. "రెండు సీజన్లు చూసి వెళ్లిపోదాం" అన్నాడు ఈయన. కెనడాలో నాకు ఒక పళ్ల డాక్టరు దగ్గర ఉద్యోగం ఉండేది. గొప్పదేం కాదు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి లోపలికి పంపడమే. కానీ ఫలానావాళ్ల కోడలు అని కాకుండా నన్ను నా పేరుతో పిలిచిన చోటు అదొక్కటే. ఎప్పటికైనా మళ్లీ అక్కడికే వెళ్లాలని నా ఆశ. కార్డు ఉంటేనే ఆ ఆశ.

వచ్చిన కొన్నాళ్లకే నెల తప్పాను. ఏడో నెలలో సీమంతం చేసి మాచర్లలో అమ్మ దగ్గరికి పంపారు. బిడ్డకు ఐదో నెల రాగానే తీసుకెళ్తామన్నారు. తీరా ఐదో నెలకు మూఢం వచ్చిపడింది. ఆకాశంలో శుక్రుడు కనబడని రోజుల్లో చంటిబిడ్డతో తల్లిని అత్తారింటికి పంపకూడదని అత్తయ్యా అమ్మా ఫోన్లోనే తేల్చేశారు. మూఢం వెళ్లేసరికి ఆషాఢం. నేనూ నోరెత్తలేదు. అమ్మ చేతి తిండి, పొద్దెక్కేదాకా నిద్ర, ఆ రోజులు హాయిగానే గడిచాయి. ఈయన మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేవాడు. తర్వాత వీలు చిక్కినప్పుడు వచ్చేవాడు. వచ్చి, వరండాలో నాన్న పక్కన కూర్చుని ఉప్మా తిని, పాపను కాసేపు ఎత్తుకుని, ఎండ తగ్గాక కారెక్కేవాడు.

తిరిగొచ్చాక మాత్రం ఏం ఒరిగింది? రోజూ తిరగలేనని ఈయన దాచేపల్లిలో షాపు మీది గదిలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. అక్కడే ఇల్లు తీసుకుందామంటే, అక్కడి ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ము పాపకు పడదన్నాడు. నరసరావుపేటలో నేను, అత్తయ్య, తోడికోడలు. ఆదివారాలు ఆయన.

ఇంతలో కార్డు గడువు ముగిసింది. తిరిగి వెళ్లాలంటే మళ్లీ అనుమతి తీసుకోవాలి. ఏ కాలంలో ఎక్కడున్నావని దరఖాస్తులో అడిగారు. పుట్టింట్లో ఉన్నన్నాళ్లకు మాచర్ల చిరునామా రాశాను. ఇంకేదైనా రాయాలన్న ఆలోచనే రాలేదు. పురిటికి పుట్టింటికెళ్లడం కాపురంలో భాగమే గానీ విడిగా ఉండటం ఎట్లా అవుతుంది? ఆ దేశపు ఆఫీసరుకు మాత్రం అది విడిగా ఉండటమే. అంతకాలం వేరే ఊళ్లో ఎందుకున్నావు, మిగతా రోజుల్లోనైనా భర్తతో కలిసున్నావనడానికి రుజువేమిటి అని అడిగాడు.

అమ్మకు ఈ సంగతి చెబితే భగ్గుమంది. "పురుటికి పుట్టింటికి రాక యాడికి పోద్దంట? వాళ్ల ఆడపిల్లలు యాడ కంటారంట?"

మూఢం గురించి ఇంగ్లీషులో రాయబోయి సిగ్గేసి ఆపేశాను. ఇల్లు, కరెంటు, గ్యాసు అన్నీ బావగారి పేరు మీదే. ఇద్దరం కలిసున్న ఫొటోల కోసం ఫోనంతా వెతికాను. అన్నీ పాపవే. ఒకదాంట్లో మాత్రం ఈయన మోచెయ్యి పడింది.

ఇక కలిసే ఉన్నామని ఆయన రాసిచ్చే ప్రమాణపత్రమే దిక్కు. అడిగితే "ఇస్తాలేవే, ఈ వారం పోనీ" అన్నాడు. "ఇంతకీ మనం కలిసున్నట్టేనా?" అని కూడా అడిగాను. "ఏంది ఆ ప్రశ్న? పోట్లాడుకున్నామా ఏంది?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా పని ఆయనకు ఎప్పుడూ వచ్చేవారం పని, అంతే. పత్రం వెళ్లలేదు. కుదరదని జవాబొచ్చింది. అప్పీలుకు గడువిచ్చారు, అది మిర్చి సీజన్లో కలిసిపోయింది.

"పోనీలే, ఇక్కడ నీకేం తక్కువైంది?" అన్నాడు. ఏడుపొచ్చింది.

తండ్రి పౌరుడు కాబట్టి మాచర్లలో పుట్టినా పాపకు ఆ పౌరసత్వం వచ్చింది. ఆ కాగితాలకు మాత్రం ఏ వారమూ అడ్డురాలేదు. దాని పాస్‌పోర్టు తెచ్చిన కొరియర్ దగ్గర సంతకం పెట్టింది నేనే.

మొన్న భోజనాల దగ్గర ఈయన చెప్పాడు. "కెనడాలో ఫ్రెండు కొత్త ఇంట్లోకి పోతున్నాడే. పాపను తీసుకుని ఒకసారి పోయొస్తా. దానికీ ఆ దేశం చూపించినట్టుంటది. అందాకా నువ్వు మాచర్ల పోయి ఉండు."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"మూఢం ఏమన్నా ఉందేమో కనుక్కుని పంపండి" అన్నాను.

ఆయన నిజంగానే వంటింటి వైపు తిరిగి వాళ్లమ్మను అడిగాడు.

"ఏం లేదురా" అంది అత్తయ్య లోపలి నుంచి, "రేపే పంపొచ్చు."