ఒబ్దూలియా శ్రుతి

ఒబ్దూలియాది బొంగురు గొంతు. చిన్నప్పుడు చర్చి పాటల బృందంలో సిస్టరమ్మ ఆమెను వెనక వరసలో నిలబెట్టి, పెదాలు మాత్రం కదిపితే చాలంది. ఆ మాట ఒబ్దూలియా మరిచిపోలేదు, మరిచిపోవాలని కూడా అనుకోలేదు. చలికాలమంతా సెగోవియా మార్కెట్లో కోళ్లు కోసి అమ్మేది. వేసవి రాగానే ఎవేలియో బ్యాండుతో ఊరూరా ఉత్సవాలకు తిరుగుతూ, పెద్ద గాయని వెనక వంత పాడేది. ఏళ్ల తరబడి అదే బతుకు.

ఆ ఆగస్టులో పెద్ద గాయని నోయెలియా పెళ్లి చేసుకుని బ్యాండు మానేసింది. గతిలేక ఎవేలియో ఒబ్దూలియాను ముందుకు తెచ్చాడు. కాకపోతే, రేడియోలో మోగిపోతున్న కొత్త పాటను రికార్డులోలాగే సన్నగా, అచ్చుగుద్దినట్టు పాడాలన్నాడు. ఆమె పియానో వాయించే లెస్మెస్‌ను పక్కకు పిలిచి శ్రుతి బాగా తగ్గించమంది. అది తెలిసి ఎవేలియో అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ముందు వరసలో ఒక్క కుర్చీ మడిచారా, రేపట్నుంచి నువ్వు మళ్లీ వెనకే," అన్నాడు.

ఉత్సవాలు జరిగే ఆ ఊళ్లలో ముసలమ్మలు ఇళ్ల నుంచి మడత కుర్చీలు తెచ్చుకుని స్టేజి ముందు కూర్చుంటారు. పాట నచ్చకపోతే అరవరు, తిట్టరు. కుర్చీ మడిచి చంకన పెట్టుకుని ఇంటికి పోతారు. దాంతో ఆ ఊళ్లో బ్యాండుకు నూకలు చెల్లినట్టే.

ఆ రాత్రి ఊరి ఉత్సవంలో ఒబ్దూలియా పాట ఎత్తుకుంది. వదిలేసి వెళ్లే ప్రియుడితో, పోతే పో అనే పాట అది. రికార్డులో పిల్ల ఆ మాటే బతిమాలుతున్నట్టు పాడింది. ఒబ్దూలియా గొంతులో అది గుమ్మం బయటికి గెంటినట్టు వినిపించింది.

రెండో చరణంలో రొట్టెల కొట్టు ఫ్వెన్సిస్లా లేచి కుర్చీ మడిచింది. ఆమె పక్కావిడా మడిచింది. ఎవేలియో డ్రమ్ముల పక్కనుంచి ఆపెయ్యమని చేతులూపాడు. ఒబ్దూలియాకు వెనక వరస కళ్లముందు కనిపించింది. పోయేవాళ్లు పోనీ అనుకుని గొంతు ఇంకా తెరిచింది.

ఫ్వెన్సిస్లా ఇంటిదారి పట్టలేదు. కుర్చీని గోడకు ఆనించి, పక్కావిడ నడుం పట్టుకుని డ్యాన్సు మొదలుపెట్టింది. కాసేపటికి గోడ పొడుగునా కుర్చీలే.

పాట అయ్యాక ఎవేలియో దగ్గరికొచ్చి, సరే, ఇదొక్కటీ ఇలా కానిచ్చాం, మిగతావి రికార్డులోలాగే పాడమన్నాడు.

"అన్నీ ఇలాగే పాడతా," అంది ఒబ్దూలియా. "కావాలంటే వెనక నిలబడి పెదాలు నువ్వు కదుపు."