పేర్లు తుడవని ఆరు డిస్కులు

మనస్ఫూర్తిగా ఇచ్చిన వస్తువులను తన సంచిలో పెట్టుకున్నందుకు ఒక మనిషిని నలుగురి ముందు దొంగను చూసినట్టు చూశారు. ఆరోపణ ఎవరూ నోరు తెరిచి చేయలేదు గనుక జవాబు చెప్పుకునే అవకాశమూ ఆ మనిషికి దక్కలేదు. విచారణ జరగలేదు. శిక్ష మాత్రం అమలైంది, నేటికీ అమలవుతూనే ఉన్నది.

ఆ మనిషి పేరు సునీల. ఊరు కొత్వాల్‌గూడ. భర్త వినోద్ కుమార్ శంషాబాద్ విమానాశ్రయానికి క్యాబు నడుపుతాడు. ఊరికి ఆవల, హిమాయత్ సాగర్ నీళ్లు కనిపించే ఎత్తు మీద ఒక పాత మామిడితోటను కొందరు కమిటీగా ఏర్పడి ఆటస్థలంగా మార్చారు. ఆనాటి నుంచీ కమిటీ ఇచ్చే జీతానికి అక్కడి క్యాంటీన్ చూసుకునేది సునీలే. ఉదయం గేటు తాళం తీయడం, వచ్చినవారికి చాయ్ పెట్టడం, సాయంత్రం పొదల్లో పోయిన డిస్కులు వెతికి తెచ్చి కౌంటర్ మీద పెట్టడం ఆమె దినచర్య.

అక్కడ ఆడే ఆట డిస్క్ గోల్ఫ్. ఎరుగనివారి కోసం చెప్పవలసింది స్వల్పమే. అన్నం పళ్లెం కంటే కాస్త చిన్నదైన ప్లాస్టిక్ డిస్కును విసురుకుంటూ పోయి, దూరాన నిలబెట్టిన గొలుసుల బుట్టలో వేయాలి. తక్కువ విసుర్లలో వేసినవారు గెలిచినట్టు. చూపుకు డిస్కులన్నీ ఒకటిగానే ఉంటాయి గానీ అంచు మందాన్ని బట్టి, బరువును బట్టి, ఎంత అరిగిందన్నదాన్ని బట్టి దేని పోకడ దానిది. ఒకటి గీత గీసినట్టు నేరుగా పోతుంది. ఒకటి చివరకు ఎడమకు వాలుతుంది. మరొకటి ఎదురుగాలి తగిలితే చాలు, కుడికి తిరగబడి ఎటో కొట్టుకుపోతుంది. కనుక ఏ పూట ఏ డిస్కులు సంచిలో వేసుకోవాలో తెలియడం ఈ ఆటలో సగం విద్య. ఆ సగం సునీలకు ఎవరూ నేర్పలేదు. దొరికిన డిస్కును అంత దూరం నడిచిపోయి ఇవ్వడానికి కాళ్లు మొరాయించి, ఒకనాడు కంచె దగ్గర నుంచే దాని యజమాని వైపు విసిరింది. అది ఆయన కాళ్ల దగ్గర వాలింది. మరునాడు ఇంకొకరికి విసిరింది. అలా పరాయి డిస్కులను తిరిగి ఇవ్వడంలోనే ఆమెకు ఆట పట్టుబడింది.

ఈ ఆటకు ఒక ఆచారం ఉంది. ప్రతి ఆటగాడూ డిస్కు అడుగున తన పేరు, ఫోను నంబరు రాసుకుంటాడు. దొరికినవారు ఆ నంబరుకు ఫోను చేసి ఇచ్చేయాలి. సునీల ప్రతి డిస్కుకూ ఫోను చేసేది. స్థానికులు వచ్చి తీసుకునేవారు. దూరం నుంచి విమానం దిగి ఒక్క పూట ఆడుకుని పోయేవారు మాత్రం, అప్పటికే మరో ఊళ్లోనో మరో దేశంలోనో ఉండి, నువ్వే ఉంచుకో అమ్మా అనేవారు. ఇక వినోద్ క్యాబులో విమానాశ్రయానికి వెళ్లేవారిలో కొందరు సామాను బరువెక్కువైందని దిగే చోటనే పెట్టె తెరిచి, ఒకటో రెండో డిస్కులు తీసి, మీ ఆవిడకు ఇవ్వండని అతని చేతిలో పెట్టేవారు. అలా ఆరు డిస్కులు చేరాయి. వాటికి ముందు ఆమె తన జీతంలోంచి కొనుక్కున్నవి మూడు, కొత్తగా నేర్చుకునేవారికి అమ్మే తేలిక రకానివి. వాటి అడుగున తన పేరు రాసుకుంది. ఆ ఆరింటి మీద ఇచ్చినవారి పేర్లు అలాగే ఉంచింది. వినోద్ క్యాబు సీటు పాత కవరుతో సంచి కుట్టి తొమ్మిదింటినీ అందులో సర్దుకుంది.

డిస్కుల రకాలకు కంపెనీలు పెట్టిన ఇంగ్లీషు పేర్లు ఆమెకు పట్టలేదు. అడుగున ఉన్న మనిషి పేరే ఆమెకు డిస్కు పేరు. ఎదురుగాలికి లొంగని బరువైనది హెన్రిక్ సార్, ఫిన్లాండ్ నుంచి వచ్చిన పైలట్ ఇచ్చినది. అరిగి అరిగి తిన్నగా పోయేది లీలమ్మ డాక్టర్, కొట్టాయం ఆవిడది. చెట్టు చుట్టూ వంపు తిరిగి పోయేది కులకర్ణి. బయలుదేరే ముందు గుమ్మంలో నిలబడి గాలి చూసి, ఇవాళ కులకర్ణి వద్దు, హెన్రిక్ సార్ ముందు జేబులో ఉండాలి అని ఆమె తనలో తాను అనుకోవడం విని వినోద్ నవ్వేవాడు.

“ఇంట్ల అన్నం తినే ప్లేట్లు నాలుగు సరిగ లేవు, నీ సంచిల తొమ్మిదున్నయి,” అన్నాడొకసారి.

“ముందు గా నాలుగు కడుగు, జూలీ డాడీ. తర్వాత నా తొమ్మిదింటి ముచ్చట మాట్లాడుదువు,” అన్నది, భర్తను ఎప్పుడూ బిడ్డ పేరుతోనే పిలిచే సునీల.

ఈ వేసవిలో కమిటీ ఒక ప్రకటన చేసింది. బెంగుళూరులో జరిగే పోటీలకు ఇక్కడి నుంచి ఇద్దరు ఆడవారిని పంపుతామని, జూలైలో జరిగే ఎంపికలో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారే వెళ్తారని, ఎవరైనా పాల్గొనవచ్చని అందులో ఉంది. ఎవరైనా అన్న మాటను సునీల నమ్మింది. క్యాంటీన్ సునీలగా కాక ఆటగత్తెగా తన పేరు ఒక్కసారి జట్టు జాబితాలో చూసుకోవాలన్నది ఆమె కోరిక. నెలరోజులు తెల్లవారకముందే లేచి, గేటు తెరిచే వేళకు ముందే ఒక చుట్టు ఆడుకుంది.

పోటీకి ముందు కమిటీ పంచిన నిబంధనల పత్రం ఇప్పటికీ మా దగ్గర భద్రంగా ఉంది. అందులో ఐదవది ఇది: ప్రతి డిస్కుపై గుర్తింపు ఉండవలెను. అంతకు మించి ఒక్క అక్షరం లేదు. పోటీనాటి ఉదయం గేటు పక్క బోర్డు మీద అంటించిన కాగితం వేరు. దాని ఫోటో కూడా భద్రంగా ఉంది. ఆటగాని సొంత పేరు గల డిస్కులు మాత్రమే అనుమతించబడును, ప్రాయోజక సంస్థ పేరు గల డిస్కులకు మినహాయింపు కలదు అని దాని పాఠం. ప్రాయోజక సంస్థ అంటే ఈ పోటీకి డబ్బు పెట్టిన, ప్లాట్లు అమ్ముకునే కంపెనీ. తన పేరు అచ్చువేయించి ఊరందరికీ ఉచితంగా పంచిన తేలిక డిస్కులవి. అంటే కంపెనీ పేరు మోసుకుని తిరగవచ్చు గానీ, అభిమానంతో ఇచ్చిన మనిషి పేరు మోయకూడదన్నమాట.

ఆ కాగితం ఎందుకు పుట్టిందో అక్కడున్న వారందరికీ తెలుసు. అంతకు ముందు కమిటీ సభ్యుడొకరి ఖరీదైన డిస్కు పోయింది, దొరకలేదు. పొదల్లో వెతికేది సునీల. ఆమె సంచి నిండా ఇతరుల పేర్లు. ఈ రెండింటినీ కలిపి ఒక వాక్యంగా పలికే ధైర్యం లేనివారు దాన్ని నిబంధనగా రాశారు.

తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నది కార్యదర్శి శివశంకర్. సునీల చేతి చాయ్ రోజుకు రెండుసార్లు తాగేవాడు. ఆమె సంచి బోర్లించి ఒక్కొక్క డిస్కూ తిరగేసి, అడుగున పేరు గట్టిగా చదవసాగాడు. హెన్రిక్ ఎవరు, లీలమ్మ ఎవరు అని అడిగాడు. వరుసలో వెనక నిలబడ్డవారు మెడలు సాచి చూశారు. ఎవరు ఎప్పుడు ఎందుకిచ్చారో సునీల చెబుతూ పోయింది. చెప్పిన కొద్దీ తాను సంజాయిషీ ఇస్తున్నట్టుందని, ఇవ్వవలసిన పని ఏముందని ఆమెకే అనిపించి మూడో డిస్కు దగ్గర ఆపేసింది.

“నిన్నెవరన్న ఏమన్నరా, అక్కా?” అన్నాడు శివశంకర్ మెల్లగా. “స్పిరిట్ ఉన్నది, దూది ఉన్నది. పేర్లు తుడిచెయ్, నీ పేరు రాసుకో. ఐదు నిమిషాల పని.”

ఆమె దూది అందుకుంది. స్పిరిట్‌లో ముంచింది. హెన్రిక్ సార్ డిస్కును బల్ల మీద బోర్లించి మొదటి అక్షరం దాకా తీసుకుపోయి చెయ్యి ఆపింది. ఆ అక్షరాలు తుడిచిన క్షణాన ఆ డిస్కు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం ఈ లోకంలో ఇంకేదీ మిగలదు. రేపెవరైనా అడిగితే చూపించడానికి ఉన్నది ఆ రాత ఒక్కటే. పైగా వస్తువు మీద యజమాని పేరు చెరిపి తన పేరు రాసుకునేది ఎవరు?

పక్కన నిలబడ్డ వినోద్‌కు ఓపిక నశించింది. అక్షరాలే కదా, బెంగుళూరు పోయొచ్చినాక మళ్లీ రాసుకోవచ్చు కదా అని గొణిగాడు.

“నీ క్యాబ్‌ల ఎవరన్న పర్సు మరిచిపోతే, అండ్ల కార్డు చూసి ఫోన్ చేస్తవా, కార్డు చింపేసి జేబుల పెట్టుకుంటవా?” అని అడిగింది సునీల. అతడు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె దూది బల్ల మీద పెట్టేసి శివశంకర్ వైపు తిరిగింది.

“తుడిస్తే నేను దొంగనని నా చేతుల్తోని నేనే ఒప్పుకున్నట్టయితది. తుడవకుంటే నువ్వు గదే మాట అందరి ముందట అన్నట్టయితది. మరి నాకు ఏ తొవ్వ ఇడిసినవ్, శివన్నా?”

శివశంకర్ గడియారం చూసుకున్నాడు. టైమైపోతోందని మాత్రం అన్నాడు.

అదే వరుసలో నిలబడ్డ నిర్మల, రావిర్యాల నుంచి వచ్చే ఆటగత్తె, గెలుస్తుందని అందరూ అనుకునే మనిషి, తన సంచిలోంచి ఒక బరువైన డిస్కు తీసి ఇవ్వబోయింది. శివశంకర్ దాన్నీ తిరగేసి చూశాడు. దాని మీద నిర్మల పేరుంది, కుదరదన్నాడు. వరుసలో నవ్వులు లేచాయి. నిర్మలకు కోపం వచ్చింది, సునీలకు నవ్వు రాలేదు. చివరకు తన పేరున్న మూడు తేలిక డిస్కులనే సంచిలో వేసుకుంది. ఆరింటినీ కమిటీ అట్టిపెట్టుకుని రసీదు ఇచ్చింది. ఆ రసీదులో రాసిన మాటలు యథాతథంగా: యజమానులు తేలని వస్తువులు. ఒక్కొక్కదాని మీద యజమాని పేరు రాసి ఉంది గనుకనే వాటిని ఆపినవారు, వాటికి యజమానులు తేలలేదని సంతకం చేశారు.

మామిడిచెట్ల మధ్య ఉన్న మొదటి ఆరు బుట్టల దగ్గర గాలి తగలదు. అక్కడ సునీల చెట్లను చూసుకుని, చెయ్యి పొదుపుగా వాడుకుని, నిర్మలతో సమంగా నిలిచింది. ఏడవ బుట్ట చెరువుకు ఎదురుగా, బోడి గట్టు మీద ఉంది. జూలై గాలి నీళ్ల మీది నుంచి నేరుగా ముఖానికి కొడుతున్నది. కుడివైపు కంచె. అది దాటితే అదనపు విసురు లెక్కలోకి వస్తుంది. అక్కడ వేయవలసిన డిస్కు ఏదో ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అది కార్యాలయం బీరువాలో ఉంది. సంచిలో చెయ్యి పెట్టి మూడింటినీ మార్చి మార్చి పట్టుకుంది. ఎంపిక చేసుకోవడానికి ఏమీ లేని సంచిలో వెతకడం ఎంత అవమానమో అక్కడ తెలిసింది. ఉన్నవాటిలో బరువైనదాన్ని తీసి, గాలి కిందుగా పోవాలని నడుము వంచి విసిరింది. కొంత దూరం బాగానే పోయింది. ఆ తర్వాత గాలి దాని అంచు కిందికి దూరి, పైకి లేపి, కుడికి తిప్పి కంచె అవతల పడేసింది. రెండోది ఇంకా కిందుగా వేసింది. అదీ కంచె దాటింది. ఆ ఒక్క బుట్ట దగ్గర పోయినదాన్ని మిగిలిన బుట్టల్లో సగమే రాబట్టుకోగలిగింది. నిర్మల మొదటి స్థానంలో నిలిచింది. సునీల మూడవది. వెళ్లేది ఇద్దరే.

ఓడిపోయినందుకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. తన సంచితో ఆడి ఓడి ఉంటే సునీల మరునాడే నిర్మలకు చాయ్ ఇచ్చి, ఏడవ బుట్ట దగ్గర ఎలా వేశావని అడిగి ఉండేది. ఇప్పుడా మాట అడగలేకపోతున్నది.

ఆరు డిస్కులు తిరిగి ఇమ్మని అడగడానికి వెళ్తే, యజమానులు స్వయంగా వచ్చి చెప్పాలన్నారు. కొట్టాయం డాక్టరమ్మకు సునీల అక్కడే ఫోను కలిపి, స్పీకర్ పెట్టి ఇచ్చింది. అది నేను ఇష్టపడి ఇచ్చిందే, మీకేమిటి అభ్యంతరం అని ఆవిడ నిలదీసింది. ఫోనులో మాటలు చెల్లవు, సంతకం కావాలన్నారు. ఫిన్లాండ్ పైలట్ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. ఆయన సంతకం కోసం కొత్వాల్‌గూడ క్యాంటీన్ మనిషి ఏ దేశం పోవాలో కమిటీ చెప్పలేదు.

క్యాంటీన్‌కు వచ్చేవారు ఇప్పుడు చాయ్ తాగి లేచేటప్పుడు తమ సంచి జిప్పు తెరిచి ఒకసారి లెక్క చూసుకుంటున్నారు. ఆమెకు కనబడకుండా చూసుకోవాలన్న మర్యాద కూడా కొందరికి లేదు. సునీల పొదల్లో వెతకడం మానేసింది. నడిచే దారిలో గడ్డిలో డిస్కు కనిపించినా వంగదు, పక్కనుంచి నడిచిపోతుంది. వానలో తడిసి, ఎండకు వంకర తిరిగి అవి అక్కడే పడి ఉంటున్నాయి. ఇన్నేళ్లుగా ఎవరి వస్తువు వారికి చేర్చిన చెయ్యి అది. దానికి ఇప్పుడు నేల మీది వస్తువును ముట్టుకోవాలంటే భయం.

ఆటస్థలం కమిటీ అధ్యక్ష, కార్యదర్శులను, ఆ కాగితం అంటించడానికి చేతులెత్తిన సభ్యులందరినీ, ఇదంతా కళ్లారా చూసిన మేము అడుగుతున్నాము. సునీల మీద మీకు అనుమానం ఉన్నదా, లేదా? ఉంటే ఏ డిస్కు, ఎవరిది, ఎన్నడు పోయింది అన్నది రాసి, కింద మీ సంతకాలు పెట్టి ఆమె చేతికివ్వండి. జవాబు ఆమె చెప్పుకుంటుంది. లేదంటే, ఆ ఆరు డిస్కులను వాటి మీది ఒక్క అక్షరం చెరగకుండా, ఏ బల్ల దగ్గర ఆపారో ఆ బల్ల దగ్గరే, ఆనాడు వరుసలో ఉన్నవారి ముందు ఆమెకు తిరిగి ఇవ్వండి. యజమానులు తేలని వస్తువులు అన్న రాతను కొట్టివేయండి. జట్టు బెంగుళూరు బయలుదేరక ముందే, మీరు మొదట పంచిన నిబంధనల ప్రకారం రెండవ స్థానానికి ఎంపిక మళ్లీ జరపండి.